ఏడిళ్ల రోగి

కలకత్తాలో పెద్ద పెద్ద చదువులు చదివిన డాక్టర్లు ఓ వానాకాలం మా సందులోకి వచ్చి, చాప మీద కూర్చుని, నా దగ్గర పాఠం నేర్చుకుని వెళ్లారు. ఈ మాట నేను మా చర్చి మెట్ల మీద చాలామందికి చెప్పాను. చెప్పిన ప్రతిసారీ డాక్టర్ల సంఖ్య కొంచెం కొంచెం పెరుగుతూ వచ్చింది. ఈమధ్య సంత్రాగాఛి రైల్వే క్వార్టర్ల నుంచి వచ్చిన మా చుట్టం ఒకతను అంతా ఓపిగ్గా విని, "మావా, కిందటేడు నలుగురన్నావు. ఇప్పుడు పన్నెండుమంది అయిపోనారేటి?" అని అడిగాడు. అందుకే కాగితం మీద పెడుతున్నాను. కాగితం మీద పెట్టాక ఇక పెరగరు.

వచ్చినవాళ్లు నలుగురు. వాళ్లలో డాక్టర్లు ఇద్దరే. పాఠం చెప్పింది నేను కాదు. చాప మాత్రం మాదే.

మా సందు పోర్టు గోడకీ మెటియాబ్రుజ్ దర్జీల షెడ్లకీ మధ్యన ఉంటుంది. పొద్దున్నే మొదలైన కుట్టుమిషన్ల మోత పొద్దుగూకేదాకా ఆగదు. రేకుల ఇళ్లు, ఒక కుళాయి, చివర ఒక్క గది చర్చి. సందులో మా ఇల్లు కాక ఏడిళ్లున్నాయి. అందరి పెద్దలూ శ్రీకాకుళం తీరం నుంచి డాకు పనికి, అంటే ఓడల సరుకు ఎత్తి దించే పనికి, వచ్చినవాళ్లే. నేను డాకులో క్రేన్ నడిపానని చెప్పుకుంటాను. నిజానికి క్రేన్ నడిపినవాడు పైన గాజుగదిలో కూర్చునేవాడు. నేను కింద నిలబడి, ఎత్తు, దించు, ఆపు అని చేతులతో సైగ చేసేవాణ్ణి. నా చెయ్యి కదిలితేనే క్రేన్ కదిలేది కాబట్టి నడిపింది నేనేనని నా వాదన. నా భార్య ఆ వాదనను ఏనాడూ ఒప్పుకోలేదు.

ఆమె గురించి చెప్పాలి. దర్జీల షెడ్ల నుంచి పిల్లల గౌన్ల మూటలు తెచ్చి, దారాలు కత్తిరించే పనీ గుండీలు కుట్టే పనీ ఏడిళ్ల ఆడవాళ్లకీ పంచేది ఆమే. ఎవరి కుట్టు బాగోకపోయినా విప్పి మళ్లీ కుట్టించేది. కుళాయి దగ్గర తగవులు తీర్చేదీ, కొత్త కోడళ్లకు బెంగాలీ నేర్పేదీ ఆమే. ఆ వానాకాలానికి మూడేళ్ల ముందు ఒక పొద్దున నీళ్లు పడుతూ పడుతూ కుళాయి పక్కనే కూలబడిపోయింది. పక్షవాతంతో కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట పోయింది. ఒక్క మాట మిగిలింది, "కాదు" అని. ఆ ఒక్క మాటతోనే ఆమె ఆకలి, కోపం, నవ్వు, నా మీద అభిప్రాయం అన్నీ చెబుతుంది. నిజానికి నా మీద అభిప్రాయానికి ఇంకో మాట అవసరం కూడా లేదు.

డాకు గ్యాంగుల్లో ఒక పద్ధతి ఉండేది. గ్యాంగులో ఒకడు జబ్బున పడితే వాడి బస్తాలు తక్కినవాళ్లు తలా కొన్ని మోసేవారు. వాడు లేచి వచ్చేదాకా గ్యాంగులో వాడి చోటు అలాగే ఉండేది. ఆ గ్యాంగుల మనుషుల కూతుళ్లూ కోడళ్లూ మా ఇంట్లో అదే చేశారు. ఎవరూ కూటం పెట్టి తీర్మానించలేదు. ఆస్పత్రి నుంచి తీసుకొచ్చిన మర్నాడు మొదటింటి వదిన బకెట్టుతో వచ్చింది. ఆ మర్నాడు రెండో ఇంటావిడ జావ గిన్నెతో వచ్చింది. అలా గుమ్మం వరసన వంతులు పడిపోయాయి. వంతు ఉన్న ఇంటివాళ్లు ఆ రోజంతా ఆమెకు స్నానం చేయించాలి, తినిపించాలి, ఇటు నుంచి అటు తిప్పాలి, వీపుకు కొబ్బరినూనె రాయాలి, సాయంత్రం ప్రార్థన కూడా ఆమె మంచం దగ్గరే పెట్టాలి. బడ్జ్ బడ్జ్‌లో పెళ్లికి వెళ్లాల్సొస్తే వంతు మార్చుకునేవారు తప్ప ఎగ్గొట్టేవారు కాదు. ఎవరి జావ పలచన, ఎవరు నూనె సరిగ్గా రాయలేదు అని దెప్పుకునేవారు కూడా. "మీ వంతునాడు పెద్దమ్మ జుట్టు సిక్కు తీసినట్టు నేదే" అని మూడో ఇంటి కోడలు ఐదో ఇంటావిణ్ణి అన్నప్పుడు రెండు రోజులు ఆ రెండిళ్లకీ మాటల్లేవు. వంతు మాత్రం నడిచింది.

నేనేం చేసేవాణ్ణని అడుగుతారేమో. గంటగంటకూ ఆమెను తిప్పేది నేనేనని బయట చెప్పేవాణ్ణి. నిజం చెప్పాలంటే తువ్వాలు పట్టుకుని నిలబడేవాణ్ణి. ఇనుప తాళ్లు పట్టిన చేతులు నావి. తిప్పబోతే ఆమె "కాదు" అనేది.

ఆ వానాకాలం ఊరంతా జ్వరాలు. మెయిన్ రోడ్డుకు అవతల ఎత్తైన ఫ్లాట్లున్నాయి. దోమల పొగ మిషను ముందు అటు వెళ్లేది, పొగ అయిపోయాక మా వైపు కాలవ ఒడ్డున తెల్ల పౌడరు చల్లేవారు. అలాంటి రోజుల్లో గొడుగు, భుజానికి సంచి, చేతిలో పెద్ద ఫోనుతో ఒక బెంగాలీ అమ్మాయి సర్వేకి వచ్చింది. రోగాల మీద పరిశోధన చేసే ఆఫీసులో పని చేస్తోంది. జ్వరాలు ఎక్కడ ఎక్కువ వస్తున్నాయి, ఏళ్ల తరబడి మంచాన ఉన్నవాళ్లను ఫ్లాట్లలో ఎవరు చూస్తున్నారు, మాలాంటి సందుల్లో ఎవరు చూస్తున్నారు, ఆ తేడా ఎంత అన్నది వాళ్లు తెలుసుకోవాలనుకున్నారు. రెండు మధ్యాహ్నాలు పట్టింది ఆమెకు మా సందు.

ప్రతి ఇంట్లోనూ బెంగాలీలో ఒకటే అడిగింది. మీ కుటుంబంలో చాలాకాలంగా మంచాన ఉన్న రోగి ఉన్నారా, ఉంటే మీకేమవుతారు, వయసెంత, ఎప్పుడు ఎలా పడ్డారు, ఎటువైపు పడిపోయింది, ఎవరు తినిపిస్తారు, ఎవరు స్నానం చేయిస్తారు అని. పేర్లు మాత్రం రాసుకోలేదు. ప్రతి ఇంటివాళ్లూ ఉన్నారనే చెప్పారు. అందులో అబద్ధం ఏముంది? తెలుగువాళ్లం ఒక సందులో ఉన్నాక ఒకరికొకరం ఏదో ఒకటి కాకుండా ఉంటామా? మొదటింటి వదినకు ఆమె అక్క. రెండో ఇంటావిడకు అత్త. మూడో ఇంటి కోడలికి పెద్దమ్మ. నాలుగో ఇంటి పిల్లలకు మామ్మ. ఐదో ఇంటావిడకు పిన్ని. నన్ను మాత్రం సందంతా మావా అనే అంటుంది, వరసలు కలిశాయా లేదా అని ఎవరూ చూసుకోరు. ఎవరి వరసను వాళ్లు బెంగాలీలోకి మార్చి దీదీ అనీ, శాశుడీ అనీ, మాషీ అనీ, దిదిమా అనీ చెప్పారు. వయసు కూడా ఎవరికి తోచింది వాళ్లు చెప్పారు. ఐదో ఇంటావిడకు పాత గౌన్ల లెక్కలో ఏదో అలక మిగిలి ఉండటం వల్ల నా భార్యకు ఎనభయ్యేళ్లు వేసింది.

చివరగా ఆ అమ్మాయి మా గుమ్మంలోకి వచ్చింది. నేను అరుగు మీద కూర్చుని పేపరు చూస్తున్నాను. నన్నూ అదే అడిగింది. నా వెనక కర్టెన్, కర్టెన్ వెనక మంచం, మంచం మీద ఆమె. చెవులు మాత్రం ఆమెకు ఏమీ కాలేదు. ఆమె వింటుండగా, ఆమె మంచాన పడి ఉందని పరాయి మనిషికి ఎలా చెప్పను? మా ఇంట్లో రోగులెవరూ లేరన్నాను. నా భార్య ఉంది, బ్రహ్మాండంగా ఉంది, ఈ సందంతా ఆవిడ మాట మీదే నడుస్తుంది అన్నాను. ఏం పని చేస్తారు అని అడిగితే సూపర్‌వైజర్ అన్నాను.

కర్టెన్ వెనక నుంచి "కాదు" అని వినిపించింది.

ఏమంటున్నారు అని ఆ అమ్మాయి అడిగింది. పొగిడితే ఒప్పుకోదు, ఆవిడ తత్వమే అంత అని చెప్పాను. ఆ అమ్మాయి నవ్వి, మంచినీళ్లు తాగి వెళ్లిపోయింది.

తర్వాత వాళ్ల ఆఫీసులో ఏం జరిగిందో ఆ అమ్మాయే నాకు చెప్పింది. ఫోనులోవన్నీ ఒకచోట చేర్చి చూసుకునేసరికి ఆమెకు చెమటలు పట్టాయట. ఒక్క సందు. ఏడిళ్లు. ఇంటికో పక్షవాతం మనిషి. అందరూ ఆడవాళ్లే. అందరికీ కుడివైపే. అందరూ మూడేళ్ల కిందట ఒకే కాలంలో, అదీ నీళ్లు పడుతూ పడుతూ పడిపోయారు. ఒక్క చివరి ఇల్లు మాత్రం క్షేమం. అక్కడ సూపర్‌వైజర్ ఉంది. నీళ్లలో ఏదో విషం కలుస్తోందని వాళ్లకు అనుమానం వచ్చింది. ఆ చివరింటి ముసలాయన ఏ నీళ్లు తాగుతున్నాడో కనుక్కోండి అని కూడా ఎవరో అన్నారట. నా జీవితంలో నా ఆరోగ్యం గురించి ఒక ఆఫీసు అంతలా ఆలోచించడం అదొక్కసారే.

నాలుగైదు రోజులకు నలుగురూ దిగారు. తల నెరిసిన ప్రొఫెసరమ్మ, ఒక కుర్ర డాక్టరు, ఈ అమ్మాయి, సీసాలు పట్టుకున్న ఒకాయన. సీసాలాయన తిన్నగా కుళాయి దగ్గరకెళ్లి నీళ్లు పట్టడం మొదలుపెట్టాడు.

అదే సమయానికి నా భార్యకు జ్వరం. ముందురోజు నుంచి ఒళ్లు కాలిపోతోంది. మొహం ఎర్రబడింది, జావ వద్దంటోంది, కదిలిస్తే మూలుగుతోంది. ఆ రోజు వంతు మూడో ఇంటి కోడలిది. తడిగుడ్డ వేస్తూ కూర్చుంది.

తెల్లకోట్లు సందు మొదట్లో కనబడగానే కబురు వాళ్లకంటే ముందు చివరిదాకా వచ్చేసింది. ఎందుకు భయపడ్డారని మీరనుకోవచ్చు. కరోనా రోజుల్లో మా సందు మొదట్లో వెదురు గడలు అడ్డం కట్టారు. ఒక వ్యాను వచ్చి మా పాత డాకు మనిషినొకణ్ణి ఎక్కించుకుపోయింది. ఆయన తిరిగి రాలేదు. ముఖం కూడా ఎవరం చూడలేదు. అప్పటి నుంచి మా ఆడవాళ్లకు తెల్లకోటు కనబడితే పైట చెంగు నోటి మీదకు పోతుంది. మంచాన ఉన్న మనిషి, ఆపైన జ్వరం. ఎవరికైనా తెలిస్తే ఇంకేముంది, ఎత్తుకుపోతారు అనుకున్నారు.

మొదటింట్లో ప్రొఫెసరమ్మ అడిగితే రోగియా, ఎవరు రోగి అన్నారు. రెండో ఇంట్లో తలుపే తియ్యలేదు. నాలుగో ఇంట్లో మామ్మ ఊరెళ్లిందన్నారు. ఐదో ఇంటావిడ మా పిన్ని పోయి చాలాకాలమైందని కళ్లు కూడా ఒత్తుకుంది. వారం తిరక్కుండా ఏడుగురు పక్షవాతం మనుషులు లేచి నడిచి వెళ్లిపోయారు. బైబిల్లో కూడా ఒక్క సందులో ఇంతమంది లేచినట్టు నేను చదవలేదు. ఆ అమ్మాయి ప్రతి గుమ్మంలోనూ, మొన్న మీరే చెప్పారు కదా దీదీ అని మెల్లగా అంటోంది. ప్రొఫెసరమ్మ ఆమె వైపు ఒకసారి చూసింది. ఆ చూపుకు ఆ పిల్ల మొహం వాడిపోయింది.

వాళ్లు మా ఇంటివైపు వస్తుంటే మూడో ఇంటి కోడలు కర్టెన్ లాగేసి బయటకు వచ్చి నా పక్కన నిలబడింది.

"మావా, నీకు దండమెడతాను, నోరిప్పకు. మొన్న నేదన్నావు కదా, ఈయేల కూడా నేదనే అను. ఎలిపోతారు. సెప్పినావంటే అట్టుకుపోతారు, మళ్లీ మొగం సూడం."

ఆ మాట కాదనడం నాకు చాలా కష్టం. మూడేళ్లుగా నా భార్యను బతికించింది ఆ చేతులే. పైగా లేదని చెప్పడం నాకు ఎంత తేలిక! మొన్న చెప్పిందే మళ్లీ చెబితే చాలు. చాలాకాలంగా చిన్నదాన్ని పెద్దది చేసి చెప్పే అలవాటున్నవాణ్ణి, ఇంకో రెండు ముక్కలు కలిపి నలుగురినీ నవ్వించి పంపేసేవాణ్ణే. కానీ కర్టెన్ వెనక ఆమె ఊపిరి వినిపిస్తోంది. ఎగశ్వాసలా చిన్నగా, తొందరగా ఉంది. "కాదు" అని కూడా అనడం లేదు. ఆ మాట వినబడకపోవడమే నాకు అన్నిటికంటే భయం వేసింది.

ప్రొఫెసరమ్మ గొడుగు మూసి, దాదా, మీరైనా చెప్పండి, ఈ సందులో మంచాన ఉన్నవాళ్లెవరైనా ఉన్నారా అని అడిగింది.

"ఒక్కతే ఉంది. నా భార్య. నిన్నటి నుంచి జ్వరం. లోపలికి రండి" అన్నాను.

నా జీవితంలో నేను చెప్పిన అతి చిన్న కథ అదే. చాలాసేపు దేవుడికి ప్రార్థన చేసి, గొప్ప ధైర్యం తెచ్చుకుని చెప్పానని చర్చిలో అన్నాను కానీ అది నిజం కాదు. మాట దానంతటదే వచ్చేసింది.

"ఓలమ్మ, ఏటి సేసినావు మావా" అంటూ మూడో ఇంటి కోడలు గుమ్మంలో కూలబడింది.

ప్రొఫెసరమ్మ చెప్పులు బయట విప్పి లోపలికి వచ్చింది. కుర్ర డాక్టరు మంచం దగ్గర మోకాళ్ల మీద కూర్చుని పరీక్ష మొదలుపెట్టాడు. మరి తక్కిన ఆరుగురు ఎక్కడ అని ప్రొఫెసరమ్మ అడిగింది. ఏడుగురూ ఈవిడే అన్నాను. ఆవిడకు అర్థం కాలేదు. నేను వంతుల సంగతి చెబుతుండగానే, దాచి లాభం లేదని తెలిసి, ఒక్కొక్క ఇంటివాళ్లూ గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. ఒకావిడ నా అక్క అంది, ఇంకొకావిడ మా అత్త అంది. బతికుండగానే పిన్నిని చంపేసిన ఐదో ఇంటావిడ అందరి వెనక నిలబడి ముక్కు చీదుకుంటోంది. సర్వే చేసిన అమ్మాయి గోడకు ఆనుకుని నవ్వడం మొదలుపెట్టింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. ఆమె రాసింది ఏదీ తప్పు కాదని తేలింది కదా, ఆ నవ్వు.

కుర్ర డాక్టరు మాత్రం నవ్వలేదు. రోజూ ఏ మాత్రలు వేస్తున్నారని అడిగాడు. కోడలు డబ్బా తెచ్చి చూపించింది. అందులో ఒకటి రక్తం గడ్డకట్టకుండా పక్షవాతం వచ్చినప్పటి నుంచి రోజూ వేసే మాత్ర. దాన్ని పక్కకు తీసి, ఈ పూటది వేశారా అని అడిగాడు. ఇంకా వెయ్యలేదు. ఇది డెంగీలా ఉంది, రక్తం పరీక్ష చేస్తేగానీ చెప్పలేను, డెంగీలో లోపల రక్తం కారే ప్రమాదముంది, దాని మీద ఈ మాత్ర పడితే ఆగదు, నేను చెప్పేదాకా దీన్ని ముట్టుకోవద్దు అన్నాడు. మేము లేదని చెప్పి పంపేసి ఉంటే ఆ పూట మాత్ర వేసేవాళ్లం. మర్నాడూ వేసేవాళ్లం, వంతు తప్పకుండా.

తర్వాత ఇద్దరూ కలిసి ఆమెను పక్కకు తిప్పి వీపు చూశారు. మూడేళ్లు మంచాన ఉన్న మనిషికి వీపు మీద ఒక్క పుండు లేదు. రోడ్డుకవతల ఫ్లాట్లలో రెండు షిఫ్టుల ఆయాలను పెట్టుకున్నవాళ్లకు కూడా పుండ్లు చూశానని డాక్టరు అన్నాడు. ఎలా చూసుకుంటున్నారని అడిగాడు. నేను గొంతు సవరించుకుని, గంటగంటకూ నేనే తిప్పుతాను డాక్టరుబాబూ అన్నాను.

మంచం మీద నుంచి, జ్వరంలోనే, చాలా స్పష్టంగా "కాదు" అని వినిపించింది.

అంత ఆనందంగా నేనెప్పుడూ అబద్ధాలకోరుగా పట్టుబడలేదు. తువ్వాలు పట్టుకుంటానని ఒప్పేసుకున్నాను.

ప్రొఫెసరమ్మ చాప మీద కూర్చుంది. ఆస్పత్రుల్లో మంచానికి ఇద్దరు చొప్పున ఉన్నారు, తనంతట తాను పక్కకు తిరగలేని మనిషిని ఇప్పుడే అక్కడ పెట్టడం నాకిష్టం లేదు, ఇక్కడ ఏడిళ్లున్నాయి అంది. రోజూ ఈ అమ్మాయి వచ్చి రక్తం తీసుకెళుతుంది, ఎన్ని చెంచాల నీళ్లు పట్టారో మీరు చెప్పాలి, కడుపునొప్పి, వాంతి, చిగుళ్లలో రక్తం, మగత, వీటిలో ఏది కనిపించినా వెంటనే ఫోను చెయ్యాలి, అప్పుడు ఆస్పత్రికే అని చెప్పింది. అప్పుడు గనక దాచారో నేను ఊరుకోనని మూడో ఇంటి కోడలి వైపు చూస్తూ అంది.

"గడలు కట్టరు కదా, దీదీ?" అని మొదటింటి వదిన అడిగింది.

కట్టనివ్వనంది.

ఈలోగా సీసాలాయన మా గుమ్మం పక్కన ఉన్న పెద్ద డ్రమ్ము దగ్గర వంగి పిలిచాడు. నీళ్లలో దోమ పిల్లలు మెలికలు తిరుగుతున్నాయి. విషం కోసం వెతకడానికి వచ్చి జ్వరం పుట్టిన చోటు పట్టుకున్నారు. ఆ డ్రమ్ము సంగతి చెప్పడానికి మాకు సిగ్గేసింది. ఆమె బట్టలకని ఏడిళ్లవాళ్లూ అందులో తలా ఒక బకెట్టు పోసేవారు. పోయడానికి వంతు ఉంది. తోమడానికి లేదు. పక్కింటివాళ్లు మోసుకొచ్చి పోసిన నీళ్లు పారబోస్తే వాళ్లేమనుకుంటారో అని ఎవరూ ఖాళీ చెయ్యలేదు. ఆమెను అంత శుభ్రంగా చూసుకున్న వంతే ఆమె మంచానికి నాలుగడుగుల దూరంలో దోమల్ని పెంచింది. ఆ రోజే డ్రమ్ము బోర్లించారు. ఆ తర్వాత తోమే వంతు కూడా పెట్టుకున్నారు.

పరీక్షలో డెంగీ అనే తేలింది. ఆ అమ్మాయి రోజూ వచ్చేది. మోకాలి లోతు నీళ్లలో చెప్పులు చేత్తో పట్టుకుని వచ్చిన రోజు కూడా ఉంది. ఒక్కో ఇంటి వంతు కాస్తా రెండిళ్ల వంతు అయింది. ఒకరు ఒళ్లు తుడిస్తే ఇంకొకరు చెంచాతో ఉప్పూ పంచదారా ఉన్న పొడి కలిపిన నీళ్లు పట్టేవారు. జ్వరం దిగింది. మేము ప్రార్థన చేసుకుని సంబరపడ్డాం. కుర్ర డాక్టరు ఫోనులో, ఇప్పుడే జాగ్రత్తగా ఉండాలి, గండం జ్వరం దిగాకే అన్నాడు.

అన్నట్టే మర్నాడు పొద్దున పళ్లు తుడుస్తుంటే గుడ్డకు రక్తం అంటింది. వంతు ఐదో ఇంటావిడది. ఆవిడ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. గుమ్మంలోకి వచ్చి, "మావా, ఫోన్ సెయ్యి, సిగుళ్లలో రత్తం" అని సందంతా వినబడేలా చెప్పింది. ఎవరైతే ఆమెను దాచారో వాళ్లే పరుపుతో సహా ఎత్తుకుని మెయిన్ రోడ్డుదాకా మోశారు. నేను ముందు నడుస్తూ, చేతులతో, ఎత్తండి, దించండి, మెల్లగా అని సైగలు చేశాను. ఎవరూ నా సైగలు చూడలేదు.

ప్రొఫెసరమ్మ ముందే ఫోను చెయ్యడం వల్ల ఆస్పత్రిలో ఆమెకు ఒక మంచం దొరికింది. పక్కన వేరేవాళ్లు లేని మంచం. ఆ మేలు చిన్నది కాదని వరండాలో నేల మీద పడుకున్నవాళ్లను చూసినవాడిగా చెబుతున్నాను. వాళ్లకు ఫోను చేసే ప్రొఫెసరమ్మ లేదు. ఆ సంగతి తలుచుకుంటే నా కృతజ్ఞతలో ఒక ముల్లు గుచ్చుకుంటుంది. గుచ్చుకోనీ.

వార్డు గేటు దగ్గర దర్వాను రోగికి ఒక్క మనిషినే పంపిస్తానన్నాడు. మావాళ్లు ఒక్కొక్కరే వెళ్లేవారు. కాకపోతే నాలుగేసి గంటలకు మనిషి మారేది. ఏమవుతావంటే ఒకతె కోడలినంది, ఒకతె చెల్లెలినంది, ఇంకొకతె కూడా కోడలినే అంది. మూడో రోజుకు దర్వానుకు ఒళ్లు మండింది. ఈ ముసలామెకు ఎంతమంది కోడళ్లు అని నన్ను అడ్డగించాడు. నేను చాలా పెద్ద కుటుంబం బాబూ అని మొదలుపెట్టబోయాను. అప్పుడే రక్తం రిపోర్టు తీసుకోవడానికి వచ్చిన మన సర్వే అమ్మాయి ముందుకొచ్చి, ఆఫీసు కార్డు చూపించి, "వీళ్లందరూ చుట్టాలే. నేను ఇంటింటికీ తిరిగి తేల్చుకున్నాను" అంది. చదువుకున్న మనిషి నోట ఆ మాట వచ్చాక దర్వాను పక్కకు జరిగాడు.

అక్కడ ఐదు రోజులు ఉన్నాం. ఆరు అనుకోండి. రక్తంలో తగ్గిన ప్లేట్‌లెట్లు మెల్లగా పెరిగాయి. చిగుళ్లలో రక్తం ఆగింది. ఆమె వీపు వెళ్లేటప్పుడు ఎలా ఉందో వచ్చేటప్పుడూ అలాగే ఉంది.

ఇంటికి తెచ్చుకున్న తర్వాతి ఆదివారం కృతజ్ఞత కూటం పెట్టుకున్నాం. మాలో కూటం పెట్టిన ఇంటివాడే సాక్ష్యం చెప్పాలి, తానే వడ్డించాలి. సాక్ష్యం కోసం నేను చాలా తయారు చేసుకున్నాను. మరణపులోయ, తుఫాను, క్రేను, అన్నీ అందులో ఉన్నాయి. లేచి నిలబడితే ఎదురుగా ఏడిళ్లవాళ్లూ, కుర్చీలో దిండ్లు పెట్టి కూర్చోబెట్టిన ఆమె, ఆమె పక్కన చాప మీద బెంగాలీ అమ్మాయి, చివర్న వాచీ చూసుకుంటూ ప్రొఫెసరమ్మ. "నేనేటీ సెయ్యలేదు. వీళ్లే సేశారు. దేవుడు వీళ్లని సల్లగా సూడాలి" అని కూర్చున్నాను. పాస్టరుగారు ఇంకా ఉందేమోనని కాసేపు ఎదురుచూశారు.

ఇప్పుడు వాళ్ల సర్వేలో అడిగే తీరు మారిందని ఆ అమ్మాయి చెప్పింది. మీ ఇంట్లో రోగి ఉన్నారా అని అడిగి ఊరుకోరట. మీరు ఎవరిని చూసుకుంటున్నారు, ఆ మనిషి ఏ గుమ్మంలో పడుకుంటారు అని కూడా అడుగుతారట. మా ఏడిళ్ల వల్లే మారిందని ఆమే అంది, నేను కలిపింది కాదు.

తర్వాత భోజనాలు. ఇలిస చేప, అదే మన పులస, పులుసు పెట్టానని నేను బయట చెప్పాను. ఆ వారం ఇలిస ధర విని బజారు నుంచి వెనక్కి వచ్చేశాను. పెట్టింది రోహూ. ముందు ఆ అమ్మాయికి వడ్డించాను. కారానికి ముక్కు ఎగబీలుస్తూనే రెండోసారి అడిగింది. తర్వాత గుమ్మం వరసన ఏడిళ్లకీ వడ్డించాను. ఎవరి విస్తట్లో ముక్క చిన్నది పడిందో కుర్చీలోంచి నా భార్య ఎడమచేత్తో చూపిస్తుంటే మళ్లీ వేశాను. ఐదో ఇంటావిడకు రెండుసార్లు వేయించింది. చివరికి ఆ చెయ్యి నా వైపు తిరిగింది. నేనింకా తినలేదని అప్పుడు గుర్తొచ్చింది. మూడో ఇంటి కోడలు నన్ను కూర్చోబెట్టి, గిన్నె వంచి, అడుగున ఉన్నది వేసింది. ముక్క లేదు, పులుసే. అంత రుచైన పులుసు పుట్టి ఎరగనని రాయబోయాను. ఉప్పు కాస్త తగ్గింది. అన్నం మాత్రం మళ్లీ పెట్టించుకున్నాను.